పైడమ్మ పిజ్జా మీద ఫిర్యాదు

కమిషనర్ గారు ఇటలీ వెళ్లి వచ్చారు. గొడవంతా అక్కడే మొదలైంది.

పదకొండు రోజుల అధ్యయన యాత్ర అది. దేన్ని అధ్యయనం చెయ్యాలో ఉత్తర్వులో రాయడం ఎవరో మరిచిపోయారు. అందుచేత ఆయన పిజ్జాను అధ్యయనం చేశారు. తిరిగొచ్చిన మర్నాడే మీటింగు పెట్టి, "అక్కడ ఒక చిన్న హోటల్లో తిన్న పిజ్జాను నేను మరువజాలకున్నాను" అని ప్రకటించారు. విహారానుభూతి శాఖలోని పదహారు మంది అధికారులూ తక్షణం తాము కూడా మరువజాలనట్టు మొహాలు పెట్టారు. ఆ పిజ్జా వాళ్లెవరూ తినలేదు. అయినా పెద్దాయన మరవనిదాన్ని కింది ఉద్యోగి మరవడం ఏం మర్యాద?

వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, రాష్ట్రమందలి ప్రతి విహార స్థలమునందును విహారికి జీవితాంతము జ్ఞాపకముండునట్టి పిజ్జా లభ్యము కావలెను. శాఖ ఆవరణలలో నడుచు హోటళ్లలో ఎవరి పిజ్జా మరపురానిదో, ఎవరిది మరపు వచ్చునదో ప్రతి మూడు మాసములకు ఒకమారు శాస్త్రీయముగా నిర్ధారించవలెను. మరపు వచ్చు పిజ్జాల వారిని ఖాళీ చేయించి, సదరు స్థలములను ప్రథమ స్థానము పొందినవారికి అప్పగించవలెను."

దీనికి మరపురాని పిజ్జా పథకం అని పేరు పెట్టారు. ఫైలు కట్టి, ఎర్రదారం చుట్టి, కింది అంతస్తులో సీనియర్ అసిస్టెంటు సీతాపతి బల్ల మీద పడేశారు. శాఖలో ఏ ఫైలైనా ఎక్కడో ఒకచోట పడాలి. అది సాధారణంగా సీతాపతి బల్ల మీదే పడుతుంది.

సీతాపతికి ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. ఆయన గురించి ఆఫీసులో రెండు మాటలు చెప్పుకునేవారు. ఒకటి, ఆయన నాలుక మహా నిక్కచ్చి. ఎవరింట పెళ్లయినా వంటవాళ్లు సాంబారు గరిటె ముందు ఆయన దగ్గరికే తెచ్చేవారు. రెండోది, ఆయన ఫైల్లో ఇంతవరకు ఒక్క అబద్ధం రాయలేదు. ఈ రెండో సుగుణం వల్లే ఆయన ఇంకా సీనియర్ అసిస్టెంటుగానే ఉండిపోయాడని గిట్టనివాళ్లూ అనేవారు, గిట్టేవాళ్లూ అనేవారు.

జ్ఞాపకాన్ని కొలవడం ఎలాగన్నది ఫైల్లో మొదటి చిక్కు. పిజ్జా తిన్నవాళ్లకి తొంభై రోజుల తర్వాత ఫోను చేసి, గుర్తుందా లేదా అని అడిగితే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారు. పదిమందికి చేసి చూశారు. ఆరుగురు అప్పు ఇస్తామనే బ్యాంకు వాళ్లనుకుని ఫోను పెట్టేశారు. ముగ్గురు తిట్టారు. ఒకాయన మాత్రం ఎంతో ప్రేమగా మాట్లాడి, పిజ్జా గుర్తులేదు గానీ ఆవేళ పోగొట్టుకున్న గొడుగు గుర్తుందనీ, దొరికిందేమో కనుక్కోమనీ అడిగాడు. ఆడిట్ వాళ్లు ఈ పద్ధతినంతా కొట్టేశారు. "నోటి జ్ఞాపకము రికార్డు కానేరదు. స్వహస్తముతో వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసిన జ్ఞాపకము కావలెను" అన్నారు.

ఆ సాయంత్రం సీతాపతికి అయిదూ నలభై పాసింజరు అందుకోవాలి. బల్ల మీద ఆ ఒక్క ఫైలే ఉంది. గడియారం వంక ఒకసారీ, ఫైలు వంక ఒకసారీ చూసి, గబగబా ఇలా నోట్ పెట్టాడు: "హోటళ్లలో తిన్నవారు స్వహస్తంతో రాసి, తేదీ వేసి, సంతకం చేసే పుస్తకం ఒకటే ఉన్నది. అది మేకుకు వేలాడే ఫిర్యాదుల పుస్తకం. అందులో నిండిన పుటల సంఖ్యను జ్ఞాపకానికి కొలతగా తీసుకోవచ్చునేమో పరిశీలించవలసినదిగా మనవి."

ఆఫీసు భాషలో 'పరిశీలించవలసినదిగా మనవి' అంటే 'ఇక నా తలనొప్పి కాదు' అని అర్థం. పై అంతస్తులోనూ ఆ మాటను అలాగే అర్థం చేసుకుని, దాని కింద సంతకం పెట్టి ఇంకా పైకి పంపుతారు. నలుగురు చదవకుండా సంతకం చేశాక ఫైలు కమిషనర్ గారి దగ్గరికి చేరింది. ఆయన ఆకుపచ్చ సిరాతో "అద్భుతము. వెంటనే అమలు చేయుడు. దీనిని కనిపెట్టినవారినే తనిఖీ అధికారిగా వేయుడు" అని రాశారు.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. సీతాపతి సంచీ సర్దుకుని పిజ్జాలు తినడానికి బయల్దేరాడు.

మొదట ఊళ్లోనే, బస్ కాంప్లెక్స్ పక్కనున్న శాఖ వారి అల్పాహారశాలకి వెళ్లాడు. అక్కడి పిజ్జాను కత్తితో కోయబోతే కత్తి వంగింది. చేత్తో చింపబోతే సాగింది. ఆయన కుడివైపు దవడతో మొదలుపెట్టి, మధ్యలో ఎడమవైపుకి మార్చి, గంటంపావులో ఒక ముక్క పూర్తి చేశాడు. ఫిర్యాదుల పుస్తకం అడిగితే మూడు పుస్తకాలు తెచ్చి పెట్టారు. ఒక ప్రయాణికుడు, 'దీన్ని నములుతుండగా నా బస్సు వెళ్లిపోయింది, తర్వాత బస్సు కూడా వెళ్లిపోయింది' అని రాసుకున్నాడు. సీతాపతి పుటలు లెక్కపెట్టాడు. నూట ఎనభై ఎనిమిది.

రెండోది ముత్యాలరేవులో, సముద్రపు ఒడ్డున ఉన్న అలల హోటల్. మేనేజరు జగ్గరాజు మెడకి టై కట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. పిజ్జా మీద ఎండు నెత్తళ్లు, అనాసముక్కలు, వాటి మీద పంచదార పాకం. కొరికితే కరకరమంది.

"ఏమిటండీ, పంటికింద తగులుతోంది?" అన్నాడు సీతాపతి.

"ఇసుకండి," అన్నాడు జగ్గరాజు ఏమాత్రం తొణక్కుండా. "సముద్రం పక్కకొచ్చి ఇసుక లేకుండా తింటే, ఇంటికెళ్లాక ఏం గుర్తుంటుందండి? పథకం గురించి విన్నాక కాస్త పెంచాం కూడాను."

ఆయన ఏడు ఫిర్యాదుల పుస్తకాలను శుభ్రంగా అట్టలేసి, వరుసగా బల్ల మీద పేర్చాడు. తిన్నాక చెయ్యి వణికి రాయలేనివాళ్లకి రాసిపెట్టడానికి ఒక గుమాస్తాను కూడా పెట్టుకున్నాడట. ఒక కొత్త పెళ్లికొడుకు, 'మూడు రోజులు ఇక్కడ ఉన్నాం, ఇదొక్కటే గుర్తుంది' అని రాసి, కింద పెళ్లికూతురి చేత కూడా సంతకం పెట్టించాడు. మొత్తం నాలుగు వందల పన్నెండు పుటలు. సీతాపతి ఆ సంఖ్య వేసుకుని, రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేకపోయాడు. మజ్జిగా మెంతులూ పుణ్యమా అని మూడోనాటికి లేచాడు.

మూడోది మబ్బులకొండ మీద.

బస్సు మలుపులన్నీ తిరిగి, కాఫీ తోటలు దాటి, పొగమంచులో దించేసింది. శాఖ వారి అతిథిగృహం వెనకాల రేకుల షెడ్డు ఒకటుంది, అందులోనే పైడమ్మ హోటలు. షెడ్డు శాఖది. అందులో ఉన్న ఇటుక బట్టీ మాత్రం పైడమ్మ మామగారు ఎప్పుడో రొట్టెలు కాల్చడానికి తన చేత్తో కట్టుకున్నది. యాభై దాటిన పైడమ్మ ఆ బట్టీ ముందు పీటేసుకుని కూర్చుని, పిండి తడుతోంది. పద్దెనిమిదేళ్లు అతిథిగృహంలో వంట చేసిన మనిషి. ఆ రోజుల్లో జలవిద్యుత్ కేంద్రం పనికి ఇటలీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే, అతను చేతులు తిప్పి చెప్పినదాన్ని బట్టి ఆవిడ ఈ పిజ్జా నేర్చుకుంది. కొండ సంతలో దొరికే టమాటా, వెల్లుల్లి, గేదెపాలు విరిచి తనే కట్టుకున్న చీజు. అంతకుమించి అందులో ఏమీ ఉండదు.

సీతాపతి భయంభయంగా ఒక ముక్క కొరికాడు. నమలడం ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. అంచు పెళుసుగా విరిగింది, మధ్యలో మెత్తగా ఉంది. టమాటా పులుపు వచ్చి, దాని వెనకాలే వెల్లుల్లి వచ్చి, ఆ రెండింటినీ సముదాయిస్తున్నట్టు చీజు వచ్చింది. అమ్మ పోయిన తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఇంత సంతోషపడ్డది ఇదే మొదటిసారి. ఆయనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తనిఖీకి ఒక ముక్క చాలని నిబంధన. ఆయన రెండు పిజ్జాలు తిన్నాడు.

"ఇంకోటి ఎయ్యమంటారేటి బాబూ?" అంది పైడమ్మ.

"చాలమ్మా. ఫిర్యాదుల పుస్తకం ఇలా ఇవ్వు."

"పిర్యాదుల బుక్కా? అదిగో, ఆ మేకుకే ఉన్నాది సూడండి. గెస్టౌసు బాబులు ఏడేళ్ల కిందట తగిలించి ఎల్లినారు."

సీతాపతి పుస్తకం తెరిచాడు. మొదటి పుటలో నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, పైన 'శ్రీ' అని రాసి ఉంది. రెండో పుట తెలుపు. మూడోది తెలుపు. చివరి పుటదాకా తెలుపే.

"కొత్త బుక్కు కదాని బొట్టెట్టినాను," అంది ఆవిడ కాస్త సిగ్గుపడుతూ. "మరెవులూ రాయనేదు. ఎందుకో ఏటో."

సీతాపతి పుస్తకాన్ని వెనకనుంచి ముందుకి ఇంకోసారి తిప్పి చూశాడు. తన కొలబద్ద ప్రకారం ప్రపంచంలో ఈ పిజ్జా ఒక్కటే ఎవరికీ గుర్తుండనిది. ఆ కొలబద్దను కనిపెట్టింది తనే. అబద్ధం రాయలేడు కాబట్టి నివేదికలో సున్నా అని రాశాడు. పక్కన 'రుచి అమోఘం' అని కూడా రాశాడు. నమూనాలో రుచికి గడి లేదని ఆ మాటను టైపింగులో తీసేశారు.

పదో రోజున ఉత్తర్వు వచ్చింది. మబ్బులకొండ హోటలు ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. అక్కడ అలల హోటల్ వారి బ్రాంచి వెలుస్తుంది. బట్టీని పడగొట్టి ఆ చోట ఫోటోలు దిగడానికి వేదిక కడతారు. సముద్రపు ఇసుకను లారీలో కొండ మీదికి తరలించడానికి టెండరు కూడా పిలిచారు.

సీతాపతి జన్మలో మొదటిసారి పిలవకుండా పై అంతస్తుకి వెళ్లాడు. జాయింట్ డైరెక్టర్ దక్షిణామూర్తి కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"సార్, మూడు చోట్లా తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడది బంగారంలాంటి పిజ్జా. బాగుంది కాబట్టే ఎవరూ ఏమీ రాయలేదు."

"సీతాపతీ, రుచి అనేది వ్యక్తిగతమయ్యా. పుట అనేది ప్రభుత్వం. రుచిని ఫైల్లో పెట్టగలవా? పెడితే చీమలు పడతాయి."

"ఆ నోట్ నేను రైలు తొందరలో రాశాను సార్. వెనక్కి తీసుకుంటాను."

"కమిషనర్ గారు అద్భుతమన్న దాన్ని వెనక్కి తీసుకోవడానికి నువ్వెవరు? అది ఇప్పుడు నీది కాదు, శాఖ మేధస్సు." దక్షిణామూర్తికి కొంచెం జాలేసినట్టుంది, గొంతు తగ్గించాడు. "ఒక వెసులుబాటుంది. గడువులోగా ఆవిడ పుస్తకాలు నింపి తెస్తే మళ్లీ లెక్కింపు జరుపుతాం. నిబంధనలు మానవత్వంతోనే రాశామయ్యా."

సీతాపతి సొంత సెలవు పెట్టుకుని మళ్లీ కొండెక్కాడు. జరిగిందంతా పైడమ్మకి చెప్పి, కొలబద్ద తనదేనని కూడా దాచకుండా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. బట్టీ వంక చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆయనకి తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

"ఒక్క నెల రోజులు కాస్త మాడబెట్టమ్మా. జనం రాస్తారు. గండం గడిచాక మామూలుగా చేసుకోవచ్చు," అన్నాడు.

అప్పుడు లేచింది పైడమ్మ. "మాడబెట్టమంటారేటి? పద్దెనిమిదేళ్లు ఎంతమంది దొరలకి ఒండినాను! పస్తుండి ఏడిసినోడికి ఎట్టినాను. ఒక్కడి సేతా ఛీ అనిపించుకోనేదు. నోటికాడ కూడు పాడుసేసి ఎట్టమంటే నా సెయ్యి లెగదు బాబూ. బట్టీ పోతే పోనీ. సెయ్యి నాదగ్గరే ఉంటాది."

అప్పుడే మైదానం నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, భార్యా పిల్లలతో పిజ్జాలు ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. సీతాపతి పుస్తకం పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"దయచేసి ఒక ఫిర్యాదు రాసి వెళ్లండి."

"దేనికండీ?" అన్నాడాయన కంగారుగా.

"ఏదో ఒకదానికి."

బ్యాంకాయన చాలాసేపు ఆలోచించి, 'బెంచీ ఒక కాలు పొట్టి' అని రాశాడు. అది పిజ్జాకి సంబంధించినది కానందున చెల్లదు. సీతాపతి దాన్ని కొట్టేసి, తనే బెంచీ మీద కూర్చుని ఒక పిజ్జా తెప్పించుకున్నాడు. ఎవరూ రాయకపోతే తనే రాస్తాడు. తప్పు చేసినవాడే దిద్దుకోవాలి.

తినడం అయింది. పుస్తకం తెరిచాడు. పుటలో మూడు గళ్లు: లోపము, తీవ్రత, కోరు చర్య. పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాడు. మాడిందని రాద్దామంటే మాడలేదు. ఉప్పు ఎక్కువైందని రాద్దామంటే ఎక్కువ కాలేదు. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు చేతిని పట్టుకుని ఆపేస్తోంది. ఈ భోజనంలో నిజంగా తనకి బాధ కలిగించినది ఏమైనా ఉందా అని మనసు అడుగంటా వెతికాడు. ఖాళీ పళ్లెం కనిపించింది. ఉంది. నిజంగానే ఉంది. ఒక్కొక్క అక్షరమే రాశాడు.

'లోపము: అయిపోయింది. తీవ్రత: చాలా ఎక్కువ. కోరు చర్య: మరొకటి.'

సంతకం చేసి తేదీ వేశాడు. భుజం మీంచి తొంగిచూస్తున్న బ్యాంకాయన, "ఇలాంటివైతే నాకూ ఉన్నాయండీ," అని పెన్ను లాక్కున్నాడు. 'మాకు సెలవులు రేపటితో అయిపోతున్నాయి, ఇది అన్యాయం' అని రాశాడు. ఆయన భార్య, 'ఇంటికెళ్లాక పిల్లలు నా వంటకి వంక పెడతారు, దీనికి బాధ్యులెవరు' అని రాసింది. మధ్యాహ్నం కాలేజీ విహారయాత్ర బస్సు వచ్చింది. నలభై ఇద్దరు విద్యార్థులు క్యూ కట్టి మరీ ఫిర్యాదు చేశారు. ఒకమ్మాయి, తన ముక్క స్నేహితురాలు తినేసిందని రెండు పుటలు రాసి, నడుమ ఏడ్చింది కూడా.

సంగతి కొండ దిగింది. పైడమ్మ పిజ్జా తిని ఫిర్యాదు చెయ్యడానికి జనం పనిగట్టుకుని రాసాగారు. ఇరవై ఆరు రోజుల్లో తొమ్మిది పుస్తకాలు నిండాయి. పైడమ్మ ప్రతి కొత్త పుస్తకానికీ పసుపు రాసి బొట్టు పెట్టి మరీ మేకుకు తగిలించింది. సీతాపతి తొమ్మిదింటినీ నెత్తిన పెట్టుకున్నంత పనిచేసి ఆఫీసుకి చేర్చాడు. అయిదు వందల నలభై పుటలు. పైడమ్మకి ప్రథమ స్థానం. ఖాళీ ఉత్తర్వు రద్దయింది. ఆ రోజు సీతాపతి ఎవరూ అడక్కుండానే ఆఫీసంతటికీ టీ ఇప్పించాడు.

కానీ నిండిన ఫిర్యాదుల పుస్తకాలు లెక్కింపు అయ్యాక ఊరికే ఉండవు. శాఖలో రెండో అంతస్తున ఫిర్యాదుల పరిష్కార విభాగం అని ఒకటుంది. పదకొండేళ్లుగా ఒక్క పుస్తకం ముఖం చూడని విభాగం. పథకం పుణ్యమా అని అన్ని హోటళ్ల పుస్తకాలూ ఒక్కసారి వచ్చి పడేసరికి, వాళ్లకి ఆకలి మీదున్నవాడికి విందు దొరికినట్టయింది. నెలలోపే కమిటీ వేసి, నిగ్గు తేల్చి, ఉత్తర్వు తయారుచేశారు. దక్షిణామూర్తి కబురంపి సీతాపతికి అది చదివి వినిపించాడు.

"అలల హోటల్ ఫిర్యాదులు బహువిధములై, మూలకారణము తేలనందున పరిశీలనలో నుంచడమైనది. మబ్బులకొండ ఫిర్యాదులన్నింటికిని మూలకారణము ఒక్కటేయని కమిటీ ఏకగ్రీవముగా నిర్ధారించినది. అది రుచి. త్వరగా అయిపోవుట, మరొకటి కోరుట, ఇంటివంట సహింపకపోవుట, స్నేహితుల నడుమ కలహము, ఇవన్నియు రుచి వలన కలిగిన ఇబ్బందులే. కావున ముప్పది దినములలోగా సదరు రుచిని సమూలముగా తొలగించవలెను. తొలగించినట్లు తనిఖీ అధికారి ధ్రువపత్రము పంపనిచో ఆవరణ ఖాళీ చేయించబడును. ధ్రువపత్రము అందిన పిమ్మట సదరు హోటలు ఫిర్యాదులు శాశ్వతముగా పరిష్కృతములైనట్లు భావించి, ఇకపై వచ్చు పుస్తకములను పథకము నిమిత్తము లెక్కింపవలెనే గాని చదువరాదు."

సీతాపతి బల్ల మీదికి వంగాడు. "సార్, జనం అది ఫిర్యాదుగా రాయలేదు. మెచ్చుకుని రాశారు."

"ఫిర్యాదుల పుస్తకంలో రాస్తే ఫిర్యాదేనయ్యా. శుభలేఖ రాసినా ఫిర్యాదే. అసలు మొట్టమొదటి ఫిర్యాదుదారు ఎవరో తెలుసా?" దక్షిణామూర్తి మొదటి పుస్తకం తిప్పి, పసుపు మరకల వెనక పుటలో సంతకం చూపించాడు. "అందుకే తనిఖీకి నిన్నే వేశాం. ఫిర్యాదుదారు తృప్తి చెందడం మాకు ముఖ్యం."

సీతాపతి మూడోసారి కొండెక్కాడు. కొండ అదే, మలుపులు అవే, కానీ ఈసారి పొగమంచు ఆయన కంటికి ఆనలేదు. పైడమ్మ ఆయన్ని చూసి సంబరంగా లేచింది. ఆయన ఉత్తర్వు తీసి, దాన్ని మామూలు తెలుగులోకి మార్చి చెప్పాడు. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది.

"రుచి తీసెయ్యమన్నారా?"

"అవునమ్మా."

"ఉప్పు ఏసినాను, తీసెయ్యమంటే తీసెత్తాను. ఎల్లుల్లి ఏసినాను, అదీ తీసెత్తాను. రుచి నానెయ్యనేదు కదా బాబూ. నానెయ్యనిది నానెలగ తీసేది?" ఆవిడ నవ్వబోయింది గానీ, నవ్వు రాలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా మాఁవ కట్టిన బట్టీ. ఎలాగో నిలిసిందనుకున్నాను."

బట్టీలో కట్టెలు చిటపటమంటున్నాయి. చివరికి పైడమ్మ పీట మీద కూర్చుని పిండి ముందుకు లాక్కుంది. ఉప్పు డబ్బా మూత తీసింది. వేళ్లతో చిటికెడు తీసి, పిండి మీదకి తెచ్చి, అక్కడ ఆగిపోయింది. మొదట మాడబెట్టమన్నప్పుడు గద్దించిన మనిషి ఇప్పుడు ఆయన వంక చూస్తోంది, వెయ్యమంటారా మానమంటారా అన్నట్టు. ఆ చూపు సీతాపతి భరించలేకపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు తను కాపాడుకొచ్చిన నిజాయితీ ఎవరికి అన్నం పెట్టింది? ఒక మంచి చేతిని గాల్లో ఆపి నిలబెట్టింది, అంతే.

"వెయ్యమ్మా," అన్నాడు.

"మరి కాయితం?"

"కాగితం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఉప్పు వెయ్యి. వెల్లుల్లి ఎప్పుడూ వేసేదానికన్నా ఒక రెబ్బ ఎక్కువే వెయ్యి."

పిజ్జా వచ్చింది. ఆయన నెమ్మదిగా, ఒక్క తునక వదలకుండా తిన్నాడు. చెయ్యి తుడుచుకుని, సంచీలోంచి ధ్రువపత్రం నమూనా తీశాడు. 'సదరు పిజ్జాను స్వయముగా తిని పరీక్షించితిని. అందు రుచి లేశమైనను కనబడలేదు' అని రాశాడు. ఫైలు కాగితం మీద ఆయన రాసిన మొదటి అబద్ధం అది. ఒక్కో మాట దగ్గరా పెన్ను ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. సంతకం చేశాక ఏదో జరుగుతుందని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. పైడమ్మ గిన్నెలు కడుక్కుంటోంది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలలకొకసారి లెక్కింపు. మేకుకు కొత్త పుస్తకం వేలాడుతోంది, పసుపూ బొట్టూ తప్ప ఇంకేమీ లేకుండా. సీతాపతి లేచి దాన్ని దించి, పసుపు పుట తిప్పి, రెండో పుటలో రాశాడు.

'లోపము: అయిపోయింది.'

ఈసారి పెన్ను ఎక్కడా ఆగలేదు.

కాగితం వెంటనే, పుటలన్నీ నిండాక లెక్కింపు వేళకి పుస్తకమూ ఆఫీసుకి చేరాయి. అబద్ధాన్ని రెండో అంతస్తు వాళ్లు ముగ్గురు కూర్చుని శ్రద్ధగా చదివి, సంతోషించి, ఫైల్లో భద్రపరిచారు. నిజాన్ని మాత్రం ఉత్తర్వు ప్రకారం ఎవరూ చదవలేదు. ఒక పుట అని లెక్క వేసుకున్నారు.